పదింట ఎంత

ఎంబీటా రేవులో పడవలన్నీ ఒడ్డునే బోర్లా పడుకుని ఉంటే
ఎవరినీ అడగక్కర్లేదు,
పైన వెన్నెల దండిగా ఉన్నట్టే.
ఒమెనా చేప చిటికెన వేలంత.
చీకట్లో దీపం పెడితే దాని చుట్టూ మూగుతుంది.
అంతకన్నా పెద్ద దీపం ఆకాశంలో వెలిగిన రాత్రి
మన పెట్రొమాక్సుని ఎవరు లెక్కచేస్తారు?

అందుకే అపొండికి ఆ కొలువు.
మూడు పడవల పద్దు రాయడం,
ఆ పద్దులోనే రోజూ చంద్రుణ్ణి కూడా వేయడం.
ఆయన అర్ధరాత్రి దాటి వచ్చే రోజుల్లో
మేలుకుని కూర్చునేది.
బడిపిల్లల నోటుబుక్కు. పది షిల్లింగుల బిళ్ల పెట్టి
చుట్టూ గీస్తే రోజుకొక సున్నా.
వెలుగున్న మేర ఖాళీ, తక్కింది పెన్సిలు నలుపు.
పక్కన ఒక అంకె: పదింట ఎంత.

నాకప్పుడు పదకొండేళ్లు. పెన్సిలు చెక్కే పని నాది.
"కొమ్ముల్ని చూడకు" అంది మొదటి రోజే.
"కొమ్ములు మోసం. రెండో నాడైనా ఆరో నాడైనా
ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగే ఉంటాయి.
కడుపు చూడు.
నడిమధ్యన, అంచు నుంచి నీడ దాకా
వెలుగు ఎంత మందం?
అడ్డంగా మొత్తం మందంలో అది ఎన్నో వంతో
బిళ్ల మొత్తంలో వెలుగూ అన్నో వంతే."
నేను నమ్మలేదు.
వంకర గీతకి అంత నిజాయితీ ఉంటుందా?
గళ్ల కాగితం మీద నెలవంక గీసి
గళ్లు లెక్కపెట్టాను. సగం గళ్లు, పావు గళ్లు, ముక్కలు.
తెల్లారింది.
ఉంది.

మా సరస్సు భూమికి నడుం మీద ఉంటుంది.
ఇక్కడ నెలవంక నిలబడదు, వెల్లకిలా పడవలా తేలుతుంది,
కడుపు కిందికి.

రెండో పాఠం ఆమె చెప్పలేదు, సున్నాలు చెప్పాయి.
చంద్రుడు రోజుకింత అని కూలి లెక్కన పెరగడు.
మొదట్లో వీసం, పరక. పిసినారి.
సగం దగ్గరపడ్డాక ఎవరో తరుముతున్నట్టు
రోజుకో పదోవంతు.
నిండబోయే ముందు మళ్లీ కాళ్లీడుస్తాడు.
మూడు రాత్రులు నిండుగానే కనిపిస్తాడు,
వాటిలో ఏది అసలు పున్నమో
వలలు కుట్టుకుంటూ మగవాళ్లు పందేలు కాసేవాళ్లు.

పడవల యజమాని ఒసేవేకి ఇవేవీ పట్టవు.
"సగం చంద్రుడంటే సగం వెలుతురు, సగం చేప.
కిరోసిన్ దండగ."
అపొండి తల ఎత్తకుండానే,
"సగం చంద్రుడు సగం వెలుతురివ్వడు.
నిండు వెన్నెల్లో పదోవంతిస్తే గొప్ప.
పైగా నడిరేయికి దిగిపోతాడు. పంపు."
పంపాడు. ఎనిమిది బుట్టలొచ్చాయి.
మర్నాడూ పంపాడు. గాలి లేచి, రెండే.
ఎనిమిదినీ రెండునీ ఒకే చేతిరాతతో రాసింది.

ఒకసారి పాత పుస్తకం తిరగేస్తుంటే
ఒక తేదీ దగ్గర సున్నా గీసి ఉంది.
నలుపు లేదు. అంకె లేదు.
"పున్నమా?"
ముందు రోజు నాలుగు. తర్వాతి రోజు ఆరు.
మధ్యలో నిండు చంద్రుడెలా వస్తాడు?
"పున్నమి కాదురా. చంద్రుడున్నాడు. నేనే లేను."
ఎక్కడికెళ్లావని అడగాలని తోచలేదు, పదకొండేళ్లు కదా.
"ఐదు వేసెయ్యనా?" పెన్సిలు తీశాను.
ఆమె పేజీ మీద అరచెయ్యి పెట్టింది.
వేలికి చేప పొలుసు ఒకటి అంటుకుని మెరుస్తోంది.
చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

ఇప్పుడు ఫోన్లో వస్తుంది, నూటికి యాభై మూడని.
నిజమే చెబుతుంది. మబ్బు పట్టినా చెబుతుంది.
నిన్న రాత్రి రేవు మెట్ల మీద నిలబడి
నేను నాలుగనుకున్నాను.
నాలుగున్నర కావచ్చు.
అప్పటికే నీళ్ల మీద దీపాలు బయల్దేరాయి,
ఒకదాని వెనక ఒకటి.
వాటిని లెక్కపెట్టబోయి
పదిహేడు దగ్గర తప్పిపోయాను.